బిన్ సుయెన్ దళపతి లే వాన్ వియెన్

రాజ్యము బలహీనమైనపుడు చోరులు ప్రబలుదురని మన ప్రాచీన రాజనీతి గ్రంథములు బోధించినవి. రాజ్యమే చోరులను పిలిచి, ఆయుధములిచ్చి, బిరుదములిచ్చి, తుదకు రాజధానీ రక్షణభారమును సైతము వారి చేతులయందుంచిన ఉదాహరణములు చరిత్రయందు అరుదుగా కాన్పించును. దక్షిణ వియత్నాములోని సైగాన్ నగరమున 1948 మొదలు 1955 వరకు నడచిన కథ అట్టిది. ఆ కథకు నాయకుడు లే వాన్ వియెన్. లోకమున అతడు బై వియెన్ అను పేరుతోనే ప్రసిద్ధుడయ్యెను.

ఈ పేరు గురించి కొంచెము చెప్పవలసి యున్నది. వియత్నామీ భాషలో బై యనగా ఏడు. దక్షిణ వియత్నామున సంతానమును పుట్టిన వరుసనుబట్టి సంఖ్యలతో పిలుచు ఆచారము కలదు. అయితే జ్యేష్ఠ సంతానమును ఒకటవవాడనరు, రెండవవాడందురు. ఈ గణనము ప్రకారము ఏడు అను పేరు ఆరవ బిడ్డకు చెందును. ఇది ఇంటిపేరు కాదు, బిరుదము కాదు, ఇరుగుపొరుగువారు చనవుగా పిలుచు పిలుపు. సేనాపతియైన తరువాత కూడ అతనికి ఈ వీధిపిలుపే నిలిచినది. అతని మూలము ఎక్కడ నుండెనో ఇది స్పష్టము చేయుచున్నది.

వియెన్ 1904లో సైగాన్ నానుకొనియున్న చోలోన్ పట్టణపు శివారులయందు జన్మించెను. చోలోన్ అనగా పెద్ద అంగడి యని యర్థము. దక్షిణ వియత్నామునందలి ధాన్యవ్యాపారమంతయు ఆ పట్టణపు చైనా వర్తకుల ద్వారా సాగుచుండెను. మెకాంగ్ పల్లపు భూముల వడ్లు కాలువల వెంట పడవలలో అచ్చటికి చేరుచుండెను. ధనమున్నచోట జూదగృహములు, నల్లమందు అంగళ్లు, వానిని ఆశ్రయించిన దండగీండ్రు సహజముగనే పెరిగిరి. ఫ్రెంచి ప్రభుత్వము సైగానును 1859లో పట్టుకొనెను. 1881లో నల్లమందు వ్యాపారమును తన గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చుకొని, సైగాన్‌లో నల్లమందు వండు కార్ఖానా నెలకొల్పెను. ప్రజలకు దుర్వ్యసనము నమ్మి ఖజానా నింపుకొను పద్ధతిని ఆ దేశమున మొదట శాసనబద్ధము చేసినది వలసప్రభుత్వమే యను సంగతి ఈ జీవితమును పరిశీలించునపుడు మరువరానిది.

పదునేడవ యేట పిత్రార్జితము విషయమై వివాదము కలిగి వియెన్ తన భాగమును పోగొట్టుకొనెను. చదువు లేదు, వృత్తి లేదు. ఒక చిల్లర దండగీడు అతనిని చేరదీసి మోటారు నడుపు కొలువు కుదిర్చెను. ఆ కొలువు నెపముగా చోలోన్ చీకటిలోకపు పెద్దలతో పరిచయము లభించెను. వారిలో ముఖ్యుడు డువాంగ్ వాన్ డువాంగ్. పైన చెప్పిన ఆచారమునుబట్టియే అతనిని బా డువాంగ్, అనగా మూడవ డువాంగ్, అని పిలిచెడివారు. చోలోనుకు దక్షిణమున బిన్ సుయెన్ అను గ్రామము కలదు. ముఠా పెద్దలు ఆ గ్రామమందలి బా డువాంగ్ ఇంట సమావేశమగుచుండిరి. కాలక్రమమున ఆ గ్రామనామమే ముఠాకు పేరై, ముఠా పేరే సైన్యమునకు పేరైనది.

ఈ ముఠా పుట్టుక కేవలము దురాశవలన కలిగినది కాదు. 1920ల దశకమున ఫ్రెంచి కంపెనీలు సైగానుకు ఉత్తరమున రబ్బరు తోటలు విస్తరింపజేసెను. తోటకూలీల బ్రతుకు బానిసత్వముకంటె మేలుగా లేకుండెను. ఒడంబడికను తెంచుకొని పారిపోయిన కూలీకి ఊరిలో నిలువ నీడ లేదు, పట్టుబడినచో చెరసాల తప్పదు. అట్టివారు సైగానుకు ఆగ్నేయముగా సముద్రమువరకు వ్యాపించిన రుంగ్ సాట్ మడ అడవులలో తల దాచుకొనిరి. గోదావరీ ముఖమునందలి కోరంగి మడలను చూచినవారు ఆ ప్రదేశమును ఊహింపగలరు. ఆటుపోటులకు లోనైన వందలాది కాలువలు, వేళ్లు పైకి చాచిన చెట్లు, కాలుపెట్టిన దిగబడు బురద. పడవలనుండి సుంకము వసూలు చేయుట, ధనికుల ఇండ్లు దోచుట, పోలీసులు రాగానే మడలలోనికి జారుకొనుట వారి జీవనవిధానమయ్యెను.

వియెన్ సాహసి. శరీరదార్ఢ్యము గలవాడు, అనుచరులకు పంచిపెట్టుటయందు చేయి చాచువాడు. దోపిడీ నేరములపై పలుమారులు పట్టుబడెను. తుదకు 1930ల దశకములో అతనిని పులో కండోర్ ద్వీపమునకు పంపిరి. మనకు అండమాను ఎట్టిదో వియత్నాము ప్రజలకు ఆ ద్వీపము అట్టిది. ఫ్రెంచివారు దానిని 1862లో శిక్షాస్థానముగా చేసిరి. అచ్చట హంతకులు, చోరులు ఒకవైపు, కమ్యూనిస్టులు, జాతీయవాదులు మరియొకవైపు ఒకే ప్రాకారములోపల శిక్షలననుభవించిరి. విప్లవకారులు దానిని పాఠశాలగా మార్చుకొనిరి. వీధిరౌడీలు కూడ దేశము, స్వాతంత్ర్యము అను మాటలను అచ్చటనే వినిరి. 1945 ఆరంభమున వియెన్ ఆ ద్వీపమునుండి తప్పించుకొని సైగాన్ చేరునప్పటికి, దొంగతనముకంటె పెద్దదైన రంగము ఒకటి తెరచియుండెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జపాను సేనలు వియత్నామును ఆక్రమించినను, 1945 మార్చి 9 వరకు ఫ్రెంచి పాలనాయంత్రమును కదలింపలేదు. ఆనాడు జపానువారు ఫ్రెంచి అధికారులను, సైనికులను నిర్బంధించి పాలన తమ చేతిలోనికి తీసికొనిరి. ఫ్రెంచివారికి శత్రువులైన నేరస్థులను చేరదీసి, కొందరికి పోలీసు కొలువులు కూడ ఇచ్చిరి. బిన్ సుయెన్ వారికి రాజ్యముతో ఇదియే తొలి పొందు. ఆగస్టులో జపాను ఓడిపోయెను. అదే నెల 25న వియట్ మిన్ కూటమి సైగానులో అధికారమును చేపట్టెను. వియట్ మిన్‌కు ఆదర్శమున్నది, జనబలమున్నది, కాని దక్షిణమున తుపాకులు పట్టిన మనుష్యులు తక్కువ. బిన్ సుయెన్ వారికి తుపాకులున్నవి. ఇరుపక్షములును ఏకమయ్యెను. వియెన్ సైగాన్-చోలోన్ ప్రాంతపు దళములకు నాయకుడయ్యెను.

ఈ ఘట్టముతో మన దేశమునకు నేరుగా సంబంధము కలదు. ఓడిన జపాను సైన్యముచేత ఆయుధములు విడిపించుటకు 1945 సెప్టెంబరులో సైగాన్ వచ్చిన సేన మేజర్ జనరల్ డగ్లస్ గ్రేసీ ఆధిపత్యమునందలి 20వ ఇండియన్ డివిజను. అందలి సిపాయిలలో అధికులు భారతీయులు, గూర్ఖాలు. గ్రేసీ నిర్బంధమునందున్న ఫ్రెంచి సైనికులకు ఆయుధములిచ్చెను. వారు సెప్టెంబరు 23న ప్రభుత్వభవనములను తిరిగి పట్టుకొనిరి. నగరము అగ్నిగుండమైనది. మరునాటి రాత్రి మొదలుకొని సిటే ఎరో అను వాడలో స్త్రీలు, బాలురతో కూడ సుమారు 150 మంది ఐరోపీయులును మిశ్రసంతతివారును వధింపబడిరి. ఈ ఘాతుకమును బిన్ సుయెన్ దళములే చేసెనని చరిత్రకారులలో అనేకులు తలచిరి. దానిని స్వాతంత్ర్యసమరమునందలి వీరకృత్యముగా ఎవరును లెక్కింపలేరు. పరాధీనులైన భారతీయులచేత మరియొక పరాధీన జాతిని అణచివేయించుట అన్యాయమని జవహర్‌లాల్ నెహ్రూ ఆనాడే బహిరంగముగా నిరసించెను.

ఫ్రెంచి సేనలు బలపడగా బిన్ సుయెన్ దళములు తమ పాత ఆశ్రయమైన మడ అడవులకు మరలెను. 1946 ఫిబ్రవరిలో బా డువాంగ్ ఫ్రెంచి విమానదాడిలో మరణించెను. తరువాత దళములన్నింటిపై వియెన్ పెత్తనము స్థిరపడెను. ఒకప్పుడు పడవల సుంకము వసూలుచేసిన కాలువలయందే ఇప్పుడు ఫ్రెంచి గస్తీలను ఎదిరించిరి. నగరములోని వర్తకులవద్ద రహస్యముగా వసూళ్లు సాగించి దళములకు తిండి, మందుగుండు సమకూర్చుకొనిరి. ఆ వసూలునకు ముందటి పేరు బలవంతపు దండుగ, ఇప్పటి పేరు దేశరక్షణ పన్ను. చెల్లించువానికి మాత్రము భేదము స్వల్పము.

దక్షిణమున వియట్ మిన్ సేనానాయకుడు న్గుయెన్ బిన్ కఠినుడు, కార్యదక్షుడు. చెదరియున్న దళములనన్నింటిని ఒక శాసనము క్రిందికి తేవలెనని అతని సంకల్పము. వియెన్‌కు ఆజ్ఞలు గిట్టవు. ఇదే కాలమున హోవా హావో బౌద్ధశాఖకు ప్రవక్తయైన హువిన్ ఫు సో జాతీయవాదులను వియట్ మిన్‌కు వెలుపల సంఘటితము చేయ ప్రయత్నించి, 1947 ఏప్రిలులో వియట్ మిన్ వారిచేత హతుడయ్యెను. తన గతియు ఇట్లే కాగలదని వియెన్‌కు అనుమానము కలిగినది. ఈ అనుమానమును ఫ్రెంచి గూఢచారి శాఖాధికారి కెప్టెన్ సవానీ చక్కగా ఉపయోగించుకొనెను. 1948లో న్గుయెన్ బిన్ వియెన్‌ను రెల్లు మైదానమను పల్లపు ప్రాంతమునకు పిలిపించెను. వియెన్ అంగరక్షకులతో వెడలెను. అతడు అచ్చట నుండగా ఇచ్చట అతని దళములను వశపరచుకొనుటకు వియట్ మిన్ పూనుకొనెను. మోసము గ్రహించి వియెన్ తిరిగివచ్చునప్పటికి మడ అడవులు చేజారినవి. అదే సంవత్సరము జూన్ నెలలో అతడు సైగాన్ చేరి ఫ్రెంచివారి పక్షమున నిలిచెను. వారు అతనికి కర్నలు హోదా నిచ్చిరి. మూడేండ్లకు ముందు తమ చెరనుండి పారిపోయిన బందీకి ఆ ప్రభుత్వమే పట్టీలు తొడిగినది.

ఈ పరివర్తనమునకు ద్రోహమని వియట్ మిన్ పేరుపెట్టెను, మారుమనస్సని ఫ్రెంచివారు పేరుపెట్టిరి. రెండును పూర్తిగా నిజములు కావు. వియెన్ ఏ సిద్ధాంతమును వదలుకొనలేదు, క్రొత్తగా స్వీకరింపనూ లేదు. తన మనుష్యులు, తన స్థలము, తన రాబడి నిలుపుకొనుటయే అతని స్థిరమైన పక్షము. ఫ్రెంచివారి లెక్కయు సరళమైనదే. వియట్ మిన్ గుప్తదళములను నగరపు సందులలో వెదకిపట్టుటకు ఆ సందులెరిగినవారే తగుదురు. ఆ పనిని బిన్ సుయెన్ వారు నిర్దయగా నెరవేర్చిరి. బాంబులు ప్రేలుచుండిన వీధులు శాంతించినవి. సైగాన్ నుండి సముద్రతీరమునందలి కాప్ సెయింట్ జాక్ వరకు పోవు రాజమార్గము ప్రయాణయోగ్యమైనది. ఈ శాంతికి మూల్యముగా నగరపు వాడలు ఒకటొకటిగా వారి వశమయ్యెను.

1950 ముగియునప్పటికి చోలోనులోని గ్రాండ్ మాండ్ అను మహాజూదశాల వారికి దక్కెను. అంతకుముందు దానిని మకావ్ వర్తకులు నడుపుచుండిరి. కూలీలు మొదలు కోటీశ్వరుల వరకు అందు తమ సంపాదనము నొడ్డుచుండిరి. ఆ రాబడిలో ప్రతిదినము ఒక భాగము దేశాధిపతియైన మాజీ చక్రవర్తి బావో దాయికి చేరుచుండెను. జూదశాలకు తోడు వేశ్యాగృహములు, బస్సు సర్వీసులు, దుకాణములు వారి చేతిలోనికి వచ్చెను. నల్లమందు సంగతి మరింత గూఢమైనది. ఫ్రెంచి ప్రభుత్వము రెండవ ప్రపంచయుద్ధానంతరము తన గుత్తాధిపత్యమును రద్దుచేసితినని ప్రకటించెను. అయితే ఫ్రెంచి గూఢచారి సేనాశాఖ లావోస్ కొండజాతులవద్ద పంటను కొని, సైనిక విమానములలో దక్షిణమునకు తెచ్చి, బిన్ సుయెన్ వారికి అందించుచుండెనని తరువాతి పరిశోధన వెల్లడించినది. వారు దానిని వండి అమ్మి లాభమును పంచుకొనిరి. ప్రభుత్వము బహిరంగముగా విడిచిన వ్యాపారము చాటుగా తిరిగి వచ్చినది.

చోలోన్ కాలువపైనున్న మూడు శాఖల వంతెన యొద్ద వియెన్ తన స్థావరమును కట్టించుకొనెను. అచ్చట పెంపుడు పులిని, మొసళ్లను చూచిన విదేశీయులు వానిని ఆశ్చర్యముతో వర్ణించిరి. అనుచరులు ఆకుపచ్చ టోపీలు ధరించి వీధులలో కావలి కాచిరి. కర్నలు జనరలయ్యెను. 1954 ఏప్రిలులో బావో దాయి పోలీసు శాఖను సైతము బిన్ సుయెన్ వారికి అప్పగించి, వియెన్ సహచరుడు లాయి వాన్ సాంగ్‌ను దానికి అధిపతిగా నియమించెను. నాటినుండి దోచుకొనబడినవాడు ఫిర్యాదు చేయుటకు దోచుకొన్నవాని వాకిటికే పోవలసి వచ్చెను.

అదే సంవత్సరము మే నెలలో దియెన్ బియెన్ ఫూ పతనమయ్యెను. జూలైలో జెనీవా ఒడంబడిక కుదిరెను. దానిని పర్యవేక్షించు అంతర్జాతీయ సంఘమునకు భారతదేశము అధ్యక్షస్థానము వహించెను. దక్షిణమున న్గో దిన్ దియెం ప్రధానమంత్రియయ్యెను. అతని చేతిలో పోలీసులు లేరు, సేనాధిపతులు విధేయులు కారు, పల్లెలలో హోవా హావో, కావోదాయి మతశాఖల సైన్యములు పాలించుచుండెను. అతడు తొలుత 1955 జనవరిలో గ్రాండ్ మాండ్ అనుమతిని పొడిగింపక మూయించెను. ఆ దెబ్బ బిన్ సుయెన్ వారి ఆయువుపట్టుపై తగిలినది. మతశాఖలతో కూడి వారు ఒక సంయుక్త కూటమిగా ఏర్పడి, మార్చి నెలలో ప్రభుత్వమును పునర్వ్యవస్థీకరింపవలెనని గడువు విధించిరి. దియెం లొంగలేదు. మార్చి 29 రాత్రి ప్రధానమంత్రి భవనముపై మోర్టారు గుండ్లు పడెను. ఫ్రెంచి సేనాని పాల్ ఏలీ మధ్యవర్తిత్వమున తాత్కాలికముగా కాల్పులు ఆగినవి.

ఏప్రిల్ 26న దియెం పోలీసు అధిపతిని తొలగించెను. 28న యుద్ధము ప్రారంభమైనది. అమెరికా ప్రతినిధి లాటన్ కాలిన్స్ ఉపదేశమునుబట్టి దియెం స్థానమున మరియొకరిని నిలుపుటకు వాషింగ్టను అప్పటికే సిద్ధపడియుండెను. కాని జాతీయసైన్యము వీధులలో విజయము సాధించుచున్నదను వార్త రాగానే ఆ నిర్ణయమును వెనుకకు తీసికొనెను. అమెరికా దియెంకు కట్టుబడుటకు, తదనంతరము ఇరువదియేండ్లు సాగిన మహాయుద్ధమునకు ఈ వారము దినముల పోరాటము ఒక ద్వారమైనది. పోరాటము చోలోన్‌లో పేదల గుడిసెల నడుమ జరిగినది. ఫిరంగులకు అంటుకొన్న తాటాకు, కర్ర ఇండ్లు బారులు బారులుగా దగ్ధమయ్యెను. వందలకొలది ప్రాణములు పోయెను. వేలకొలది జనులు కట్టుబట్టలతో మిగిలిరి. ఆ గుడిసెలవాసులలో ఒకప్పటి వియెన్ వంటివారే ఎక్కువమంది. వారి తరఫున ఏ పక్షమును యుద్ధము చేయలేదు.

మే నెల తొలిదినములకే బిన్ సుయెన్ దళములు నగరమునుండి తరుమబడి మూడవమారు మడ అడవులను చేరెను. ఈమారు ఆ అడవి రక్షింపలేదు. శరత్కాలమున డువాంగ్ వాన్ మిన్ నాయకత్వమున జాతీయసైన్యము వారిని చుట్టుముట్టి చెదరగొట్టెను. వియెన్ తప్పించుకొని పారిస్ చేరెను. అతనిని పోషించిన ఫ్రెంచివారు ఆశ్రయమిచ్చిరి, అధికారము నిచ్చిన బావో దాయి 1955 అక్టోబరు 23 నాటి ప్రజాభిప్రాయ సేకరణముతో పదవీచ్యుతుడయ్యెను. వియెన్ శేషజీవితము ప్రవాసముననే గడచెను. అతడు పారిస్‌లోనే మృతిచెందెను.

అతని అనుచరులలో మిగిలినవారి గతి గమనింపదగినది. వారిలో కొందరు తాము ఏడేండ్లు వేటాడిన విప్లవకారులతోనే తిరిగి చేతులు కలిపి, తరువాత జాతీయ విమోచన కూటమి దళములలో చేరిరి. వారిని ఓడించిన దియెం 1963 నవంబరులో సైనిక తిరుగుబాటునకు బలియయ్యెను. పట్టుబడినది చోలోనులోనే, తిరుగుబాటునకు నాయకుడు ఆ డువాంగ్ వాన్ మిన్‌యే. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాము అధ్యక్షుడుగా సైగానును విజేతలకు అప్పగించినవాడును అతడే.

మన చరిత్రయందు దీనికి పోలిక లేకపోలేదు. పిండారీ దండులతో కూడి మధ్యభారతమును దోచిన అమీర్‌ఖానును 1817లో ఈస్టిండియా కంపెనీ టోంకునకు నవాబుగా అంగీకరించినది. అతని వంశము రాజవంశముగా నిలిచినది. వియెన్ ఏడేండ్లలోనే తుడిచిపెట్టబడెను. భేదము వ్యక్తులలో లేదు. అమీర్‌ఖానును గుర్తించిన కంపెనీ అప్పటికి బలపడుచున్న శక్తి. వియెన్‌ను గుర్తించిన ఫ్రెంచి పాలన అప్పటికే సెలవు తీసికొనుచున్న శక్తి. కౌలుకిచ్చినవాని హక్కే చెల్లనపుడు కౌలుదారుని హక్కు నిలువదు.

ఒకే మనుష్యుని ఫ్రెంచి న్యాయస్థానము చోరుడనెను, వియట్ మిన్ దేశభక్తుడనెను, ఫ్రెంచి సైన్యము కర్నలనెను, బావో దాయి జనరలనెను, దియెం తిరుగుబాటుదారుడనెను. పేర్లు మారినవి. వర్తకునివద్ద దండుగ, పడవవద్ద సుంకము, జూదరివద్ద కాసు తీసికొన్న చేయి మాత్రము మారలేదు. వియెన్ దుర్మార్గుడనుటలో సందేహము లేదు. అయినను అతని దుర్మార్గమును దాచవలసిన వస్తువుగా గాక వాడుకొనదగిన సాధనముగా చూచినవారు నలుగురు, అయిదుగురు ప్రభువులు. పిత్రార్జితము పోగొట్టుకొని వీధిని పడిన బాలునికి న్యాయమును చూపలేని రాజ్యము, ఏబదియేండ్ల ముఠానాయకునికి పోలీసుశాఖను చూపినది. అతని జీవితమునుండి గ్రహింపవలసిన విషయము ఇందే యున్నది.